కొత్తదని నమ్మితే... ఇంజిను మళ్లీ దించాల్సిందే!

కొత్త పిస్టన్లు. కొత్త రింగులు. కొత్త బేరింగులు. కొత్త వాల్వులు. బోరింగ్ అయింది. క్రాంకు గ్రైండింగ్ అయింది. బ్లాకుకి రంగు కూడా వేశారు. ఇంజిను చూస్తే పెళ్లికొడుకులా ఉంది. సెల్ఫ్ కొట్టగానే స్టార్టయింది. చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. తీరా నాలుగు వందల కిలోమీటర్లు తిరిగేసరికి... టక్ టక్ టక్! బానెట్ కింద ఎవరో సుత్తి పట్టుకు కూర్చున్నట్టు చప్పుడు. వెనకాలేమో నీలం పొగ!

'నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి' అంటారు పెద్దలు. పాతకారు ఇంజిను పని చేయించిన చాలామందికి ఆ సామెత సరిగ్గా అప్పుడే అర్థమవుతుంది. ఎందుకంటే, పోయింది నలభై ఏళ్లు పనిచేసిన పాత సామాను కాదు. మొన్న పెట్టెలోంచి తీసి, నూనె రాసి బిగించిన కొత్త సామాను.

ఉక్కుకి జాతకం ఉంది... సామానుకి?

కూర్మన్నపాలెం అంటే విశాఖ ఉక్కు కర్మాగారానికి గుమ్మం లాంటిది. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగిన ప్లాంటు 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైంది. ఈ మధ్యకాలంలోనూ ఆ తర్వాతా ఈ చుట్టుపక్కల ఇళ్లు కట్టుకున్నవాళ్లలో ఫిట్టర్లు, మెషినిస్టులు, వెల్డర్లు, ఇన్‌స్పెక్షన్‌లో పనిచేసినవాళ్లు ఎంతోమంది. మైక్రోమీటరంటే ఏంటని ఇక్కడ ఎవర్నీ అడగక్కర్లేదు. ఏ వీధిలోనైనా ఒకరిద్దరి ఇళ్లలో అది బీరువాలో భద్రంగా ఉంటుంది!

ఉక్కు కర్మాగారంలో ఓ పద్ధతుంది. కొలిమిలోంచి దించిన ప్రతి విడతకీ ఓ నంబరు ఉంటుంది. హీట్ నంబరంటారు. అందులో కార్బన్ ఎంత, మాంగనీసు ఎంత, గంధకం ఎంత... అన్నీ టెస్ట్ సర్టిఫికెట్‌లో రాసి ఇస్తారు. రేపు ఆ కడ్డీలో తేడా వస్తే నంబరు పట్టుకుని వెనక్కి వెళ్లి కారణం కనుక్కోవచ్చు. అంటే ఉక్కుకి జాతకం ఉంది. అదే ఉక్కు ఎక్కడో ఓ చిన్న షెడ్డుకి వెళ్లి, ట్యాపెట్‌గానో వాల్వు స్ప్రింగుగానో మారి, రంగురంగుల అట్టపెట్టెలో దుకాణానికి వచ్చేసరికి ఆ జాతకం కాస్తా మాయం. పెట్టె మీద దేవుడి బొమ్మ ఉంటుంది, 'సూపర్ క్వాలిటీ' అని ఉంటుంది. ఎవరు చేశారో, ఏ లోహంతో చేశారో, ఎంత గట్టిపరిచారో మాత్రం ఉండదు.

ఈ ఊళ్లోనే ప్లాంటులో ముప్పయ్యేళ్లు పనిచేసి రిటైరైన ఓ పెద్దాయన ఉన్నారనుకోండి. ఇంటి పక్క రేకుల షెడ్డులో తండ్రిగారి నాటి 1978 మోడల్ అంబాసిడర్ ఉంది. మనవరాలి పెళ్లికి ఆ కారునే ముస్తాబు చేయాలని ఆయన పంతం. పెన్షన్ డబ్బుల్లోంచి తీసి పక్కన పెట్టారు. తెలిసిన మెకానిక్‌ని పిలిచారు. అతను ఒకటే మాటన్నాడు.

"గురువుగారూ, పని మనదే గానీ సామాను మనది కాదండి. ఒకటికి రెండుసార్లు చూసుకుందాం."

"కొత్తదే కదా బాబూ, పెట్టేయ్!"

పాతకార్ల విషయంలో ఎక్కువ డబ్బు పోయేది ఈ రెండో మాట దగ్గరే.

అంబాసిడర్ గుండె కథ

హిందుస్థాన్ మోటార్స్ వారి అంబాసిడర్‌కి మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్-3. 1950ల చివర్లో పశ్చిమబెంగాల్ ఉత్తర్‌పారాలో తయారీ మొదలైంది. తొలినాళ్ల సైడ్ వాల్వ్ ఇంజిను స్థానంలో కొద్దికాలానికే 1489 సీసీ ఓవర్‌హెడ్ వాల్వ్ ఇంజిను వచ్చింది. ఇది బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి-సిరీస్ కుటుంబానికి చెందినది. 1955లో ఇంగ్లండులో విడుదలైన ఎంజీఏ స్పోర్ట్స్ కారులో ఉన్నదీ ఈ కుటుంబపు 1489 సీసీ ఇంజినే! కలెక్టరు గారి కారుకీ, కుర్రకారు రేసు కారుకీ గుండె ఒకే వంశానిదన్నమాట.

2014 మే నెలలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో పని ఆగిపోయింది. 2017లో అంబాసిడర్ బ్రాండు పేరు 80 కోట్ల రూపాయలకు ప్యూజో చేతికి వెళ్లింది. దీంతో కార్ల వాడకం ఆగలేదు గానీ, సామాను సంగతికి ఓ పెద్దదిక్కు లేకుండా పోయింది. కంపెనీ కొనసాగినన్నాళ్లూ దానికి సామాను సరఫరా చేసేవాళ్లు కొలతల్లో తేడా వస్తే సరుకు వెనక్కి వస్తుందని భయపడేవారు. ఇప్పుడా భయం లేదు. 1089 సీసీ ఇంజినుతో తిరిగిన ప్రీమియర్ పద్మినిది ఇంతకన్నా ముందు మొదలైన కష్టం. 2000 ప్రాంతంలోనే దాని తయారీ ఆగిపోయింది. ముంబై వీధుల్లో ఆఖరి పద్మిని ట్యాక్సీ 2023 అక్టోబరులో సెలవు తీసుకుంది. ఇక ఇళ్లలో మిగిలిన బండ్లకి సామాను కావాలంటే గాజువాక, విజయవాడ ఆటోనగర్లలో వెతకాలి. దొరక్కపోతే చెన్నై పుదుపేట, కోల్‌కతా మల్లిక్‌బజార్, ఢిల్లీ కశ్మీరీ గేట్ దాకా కబురు పెట్టాలి.

లోపం ఎక్కడ పుడుతుంది?

చెడ్డ సామానంతా నకిలీ కాదు. అందులో నాలుగు రకాలున్నాయి.

మొదటిది అచ్చంగా నకిలీ. పేరున్న కంపెనీ పెట్టెను అచ్చుగుద్దినట్టు చేసి లోపల నాసిరకం సరుకు పెట్టేయడం. రెండోది నాసిరకం. పేరు సొంతదే, మోసమేమీ లేదు. పనితనమే లేదు. మూడోది తప్పు సామాను. వస్తువు మంచిదే. అయితే 20 సైజు పెట్టెలో 30 సైజు ఉంటుంది, లేదా పెట్రోలు ఇంజినుది అడిగితే డీజిలుది వస్తుంది. నాలుగోది పాత నిల్వ. నిజంగా ఆ రోజుల్లో కంపెనీ చేసిందే. కాకపోతే పాతికేళ్లు అల్మారాలో ఉండి రబ్బరు బిగుసుకుపోయింది, ఇనుము తుప్పు పట్టింది. సముద్రపు గాలి తగిలే విశాఖలో ఈ నాలుగో రకాన్ని మరింత జాగ్రత్తగా చూడాలి. ఉప్పగాలికి బేరింగు మీద పడ్డ చిన్న మచ్చ చాలు, ఇంజినులో అదే పుండవుతుంది.

రెండో రకం ఎలా పుడుతుందో తెలుసుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది. అసలు డ్రాయింగులు చిన్న తయారీదారు దగ్గర ఉండవు. ఏం చేస్తాడు? ఓ పాత సామాను తెచ్చి, కొలిచి, అలాంటిదే చేస్తాడు. ఆ పాతది అప్పటికే లక్ష కిలోమీటర్లు తిరిగి అరిగిపోయింది. అరిగినదాన్ని చూసి చేసింది పుట్టుకతోనే అరిగి పుడుతుంది! దాన్ని చూసి ఇంకొకడు చేస్తాడు. నమూనాకి నమూనా, దానికింకో నమూనా. ప్రతిసారీ వెంట్రుకలో సగం మందం తేడా వచ్చినా నాలుగోసారికి ఆ వస్తువు ఇంజినులో కూర్చోదు.

ఇక రెండో కారణం వేడి. గేరైనా, క్యామైనా, ట్యాపెట్టయినా చెక్కగానే పని పూర్తవదు. సరైన వేడికి కాల్చి, సరిగ్గా చల్లబరిచి గట్టిపరచాలి. దీనికి కరెంటు ఖర్చు, సమయం, అనుభవం కావాలి. పైకి కనబడని పని కాబట్టి ఖర్చు తగ్గించాలనుకునేవాడు మొదట కోత పెట్టేది ఇక్కడే. రెండు ట్యాపెట్లు పక్కపక్కన పెడితే ఏది గట్టిదో, ఏది మెత్తదో కంటికి తెలీదు. ఇంజినుకి మాత్రం గంటలో తెలిసిపోతుంది.

ముందు పిస్టన్... తర్వాతే బోరింగ్

అంబాసిడర్ పెట్రోలు ఇంజిను సిలిండరు వ్యాసం 73.025 మిల్లీమీటర్లు. స్ట్రోకు 88.9. అరిగిన సిలిండర్ని అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన 10, 20, 30, 40 సైజులకి పెంచుతారు. చాలామంది చేసే పని ఏంటంటే బ్లాకు లేత్ షాపుకి పంపి "20 సైజుకి కొట్టించెయ్" అంటారు. అది అయ్యాక పిస్టన్లు కొంటారు. ఇది తలకిందులు వ్యవహారం.

పెట్టె మీద 20 అని రాసి ఉన్నా లోపలి పిస్టన్ సరిగ్గా అంతే ఉంటుందన్న హామీ లేదు. పైగా నాలుగు పిస్టన్లూ ఒకే కొలతలో ఉంటాయన్న నమ్మకమూ లేదు. అందుకే ముందు పిస్టన్లు చేతికి రావాలి. ఒక్కోదాన్నీ మైక్రోమీటరుతో కొలవాలి. పిన్ను ఉన్న వైపు కాదు, దానికి అడ్డంగా, కింద స్కర్టు దగ్గర. కొలత కాగితం మీద రాసి, పిస్టన్లతో సహా లేత్ షాపులో ఇవ్వాలి. ఏ పిస్టనుకి ఏ సిలిండరో నంబరేసి, ఆ పిస్టనుకి తగ్గట్టు, తయారీదారు చెప్పిన ఖాళీ ఉంచి బోరింగ్ చేయించాలి. చొక్కా కుట్టేసి మనిషిని వెతుక్కోవడం కాదు, మనిషిని కొలిచి చొక్కా కుట్టాలి.

నాలుగు పిస్టన్ల బరువూ చూడాలి. దీనికి పెద్ద యంత్రమేం అక్కర్లేదు. తెలిసిన బంగారం కొట్టులో ఎలక్ట్రానిక్ త్రాసు చాలు. ఒకటి మిగతావాటికన్నా ఎక్కువ బరువుంటే ఇంజిను వణుకుతుంది. రెండు మూడు గ్రాముల తేడా అయితే లోపలి వైపు కాస్త చెక్కి సరిచేస్తారు. అంతకు మించితే ఆ సెట్టు తిప్పి ఇచ్చేయడమే మంచిది.

ఇక రింగులు. ఒక్కో రింగునీ ఒంటరిగా సిలిండర్లో పెట్టి, తలకిందులు చేసిన పిస్టనుతో అంగుళం లోపలికి నెట్టాలి. అప్పుడది వంకర లేకుండా కూర్చుంటుంది. రెండు కొసల మధ్య ఖాళీని ఫీలర్ గేజ్‌తో చూడాలి. ఈ సైజు సిలిండరుకి సుమారు 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే మంచిది. తక్కువ ఉంటే ఇంజిను వేడెక్కాక కొసలు ఒకదాన్నొకటి గుద్దుకుని రింగు విరుగుతుంది, సిలిండరు గీరుకుపోతుంది. కొసల్ని ఆకురాయితో కొద్దిగా రాసి సరిచేయొచ్చు. మరీ ఎక్కువ ఉంటే మాత్రం మందు లేదు. పొగ ఖాయం. రింగు మీద 'టాప్' అన్న గుర్తుంటే ఆ వైపు పైకి రావాలి. గుర్తు లేకుండా వచ్చే సెట్లూ ఉన్నాయి. అప్పుడు రింగు అంచుల వాలు చూసి నిర్ణయించాలి. గుడ్డిగా ఎక్కించకూడదు.

చేత్తో తిరగని క్రాంకు

బేరింగుల కథా ఇంతే. ముందు బేరింగులు కొని, కొలిచి, ఆ తర్వాతే క్రాంకు గ్రైండింగ్ చేయించాలి. ఈ ఇంజిను క్రాంకుకి మూడే మెయిన్ బేరింగులు. మూడింట్లో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా మిగతా రెండింటి మీదా భారం పడుతుంది.

కొత్త బేరింగులో చూడాల్సినవేంటి? రెండు అర్ధచంద్రాల మీదా ఒకే సైజు గుర్తుందా? నూనె రంధ్రం, బ్లాకులోని రంధ్రం ఒకదానికొకటి ఎదురుగా వస్తున్నాయా? ఈ రెండోది మెకానిక్కులు కూడా మరిచిపోయే విషయం. రంధ్రం సగం మూసుకుపోతే నూనె సగమే వెళ్తుంది. అంచుల్లో పొట్టులాంటిది మిగిలిందా? లోపలి మెత్తటి పూత ఎక్కడైనా పొక్కిందా? పట్టుకోడానికి ఉండే చిన్న నాలుక గాడిలో సరిగ్గా కూర్చుందా?

ఆ తర్వాత ఖాళీ కొలవాలి. ప్లాస్టిగేజ్ అనే సన్నటి మైనపు దారం లాంటిది దొరుకుతుంది. దాన్ని క్రాంకు మీద అడ్డంగా పెట్టి, క్యాపు బిగించి, విప్పి చూస్తే అది నలిగి వెడల్పవుతుంది. ఎంత వెడల్పయిందో కవరు మీది గీతలతో పోల్చితే ఖాళీ ఎంతో తెలుస్తుంది. క్రాంకుని తిప్పకుండా చూడటమొక్కటే ఇందులో మెలకువ.

ఆఖర్న అన్నిటికన్నా పాత పరీక్ష, ఖర్చులేని పరీక్ష. ఒక్కో క్యాపూ బిగించాక క్రాంకుని చేత్తో తిప్పి చూడాలి. మొదటి క్యాపుకి తేలిగ్గా తిరిగింది, రెండోదానికీ తిరిగింది, మూడోది బిగించగానే పట్టేసింది అంటే దొంగ దొరికినట్టే. అక్కడే ఆగాలి. "తిరుగుతుంటే అదే సర్దుకుంటుంది లెండి" అన్న మాట వినబడితే ఆ పూటకి పని ఆపించేయండి. సర్దుకోదు. అరుగుతుంది.

మెత్తటి ట్యాపెట్లు

పాత బ్రిటిష్ ఇంజిన్లు పని చేయించేవాళ్లని ప్రపంచమంతా ఏడిపిస్తున్న సామాను ఒకటుంది. అదే ట్యాపెట్, అంటే క్యామ్ మీద కూర్చుని పుష్‌రాడ్‌ని పైకి నెట్టే చిన్న గిన్నె. ఇంగ్లండులో ఎంజీ, మోరిస్ కార్ల అభిమానుల సంఘాల్లోనూ ఏళ్ల తరబడి ఇదే గొడవ. కొత్త ట్యాపెట్లు కొద్ది వేల కిలోమీటర్లకే ముఖం గుంటలు పడిపోతున్నాయి. తాము అరగడమే కాదు, కొత్త క్యామ్‌షాఫ్ట్‌నీ తినేస్తున్నాయి. ఆ పొడి నూనెలో కలిసి బేరింగుల్లోకి పోతోంది. చవకలో వచ్చిన ఎనిమిది గిన్నెలు ఇంజిను మొత్తాన్నీ ముంచేస్తున్నాయి.

దీనికి రెండు పరీక్షలున్నాయి. ఒకటి ఆకురాయి. కొత్త ఆకురాయితో ట్యాపెట్ అంచున, క్యామ్ తగలని చోట మెల్లగా రాయాలి. గట్టిపరిచిన లోహమైతే ఆకురాయి గాజు మీద జారినట్టు జారిపోతుంది. కోసుకుని పొడి రాలిందా... అది మెత్తది, వద్దు. రెండోది, రెండు ట్యాపెట్ల ముఖాలు ఎదురెదురుగా ఆనించి చూడటం. చాలా ఇంజిన్లలో ఆ ముఖం బల్లపరుపుగా ఉండదు, కంటికి తెలీనంత ఉబ్బుగా ఉంటుంది. అందువల్లే ట్యాపెట్ తనచుట్టూ తాను తిరుగుతూ సమంగా అరుగుతుంది. ఆనించినప్పుడు రెండూ కొద్దిగా ఊగాలి. ఊగకుండా అతుక్కున్నట్టుంటే ఆ ఉబ్బు లేనట్టే. తిరగని ట్యాపెట్ ఒకేచోట అరిగి చచ్చిపోతుంది. ఇంకా అనుమానముంటే గట్టితనం కొలిచే రాక్‌వెల్ పరీక్ష ఉండనే ఉంది. ఇంజినీరింగ్ కాలేజీ లేబుల్లో, మెటీరియల్ టెస్టింగ్ లేబుల్లో చేస్తారు.

ఒక్కోసారి పాత ట్యాపెట్లే మంచివై ఉంటాయి. ముఖం మీద గుంటల్లేకపోతే వాటినే పైపైన రుబ్బించి వాడుకోవచ్చు. పాత క్యామ్‌తో పాత ట్యాపెట్లు పెట్టేటప్పుడు మాత్రం ఏది ఏ చోటుదో ఆ చోటే పెట్టాలి. అందుకే ఇంజిను విప్పిన రోజునుంచి అది మళ్లీ స్టార్టయ్యేదాకా పాత సామాను ఒక్కటి కూడా పాతినుపకొట్టుకి వేయకూడదు. కొత్తది సరైనదో కాదో చెప్పే సాక్షి అదే.

చిన్న సామాను, పెద్ద తిప్పలు

డిస్ట్రిబ్యూటర్లో రోటరని ఒకటుంది. అరచేతిలో పట్టేంత చిన్నది. కొన్ని కొత్త రోటర్లలో ప్లాస్టిక్ నాణ్యత లేక కరెంటు ప్లగ్గుకి పోకుండా మధ్యలోనే కిందికి దిగిపోతుంది. కండెన్సరు ఇంకా చిత్రం. చల్లగా ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది, ఇంజిను వేడెక్కగానే పడకేస్తుంది. కార్బురేటరు విప్పి, పెట్రోలు పంపు మార్చి, ట్యాంకు కడిగించి... వారం పోయాక తెలుస్తుంది తప్పు కండెన్సరుదని! పాత రోటరు, పాత కండెన్సరు డాష్‌బోర్డులో పెట్టుకు తిరిగే డ్రైవర్లని చూసి ఎవరూ నవ్వకూడదు.

హెడ్ గ్యాస్కెట్‌ని బిగించే ముందు బ్లాకు మీద, హెడ్డు మీద, పాత గ్యాస్కెట్ మీద పరిచి చూడాలి. నీటి రంధ్రం ఒక్కటి తక్కువున్నా ఆ సిలిండరు ఉడికిపోతుంది. అంచు సిలిండరులోకి పొడుచుకొస్తే అది కాలి ఎర్రబడుతుంది. వాల్వు స్ప్రింగులు ఎనిమిదీ బల్లమీద వరసగా నిలబెడితే పొట్టిదేదో పిల్లాడైనా చెబుతాడు. ఇక థర్మోస్టాట్‌ని వంటింట్లోనే పరీక్షించొచ్చు. గిన్నెలో నీళ్లు పోసి, దాన్ని దారంతో వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచాలి. దాని మీద రాసున్న వేడికి తెరుచుకోవాలి. నీళ్లు తెర్లుతున్నా నోరు మూసుకునే ఉందంటే కారులోనూ అంతే.

సీసం కలిపిన పెట్రోలు మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి లేదు. పాత ఇంజిన్లలో వాల్వు సీట్లకి ఆ సీసమే రక్షణగా ఉండేది. అందుకే ఇప్పుడు ఎగ్జాస్ట్ వైపు గట్టి సీట్లు వేయించడం మామూలైంది. వాటి కొలత తప్పితే వేడికి వదులై ఊడి సిలిండరులో పడే ప్రమాదముంది. ఇప్పుడు కొత్త గొడవ ఇథనాల్. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025కల్లా దేశమంతా పరుచుకుంది. పాతరకం రబ్బరుకి ఇది పడదు. పంపు డయాఫ్రం, పెట్రోలు పైపులు, కార్బురేటరు ప్యాకింగులు ఉబ్బి, మెత్తబడి, పొట్టు రాలుతాయి. కాబట్టి ఇక్కడ 'ఆ కాలం నాటి ఒరిజినల్' అని గొప్పగా అమ్మే పాత నిల్వ సరుకే పనికిరాదు. ఇథనాల్‌ని తట్టుకునే రబ్బరేనా అని అడిగి మరీ కొనాలి. పెట్రోలు పైపు విషయంలో కక్కుర్తి పడితే పోయేది ఇంజినొక్కటే కాదు, కారే తగలబడొచ్చు.

తప్పెవరిది?

సరే, ఇవేవీ చూడలేదు. ఇంజిను పోయింది. అప్పుడు మొదలవుతుంది అసలు పంచాయితీ.

ఓనరు మెకానిక్‌ని అంటాడు. మెకానిక్ లేత్ షాపుని అంటాడు. లేత్ షాపువాళ్లు సామాను అమ్మినవాణ్ని అంటారు. అతనేమో "బిగించడం రాకపోతే నేనేం చేస్తానండీ?" అంటాడు. బిల్లేదీ అంటే తెల్లకాగితం మీద పెన్సిలుతో రాసిన అంకె చూపిస్తారు. పెట్టెలేవీ అంటే ఆ రోజే చెత్తలో పోయాయి. ఈ నలుగురిలో ఆఖరికి నష్టపోయేది చాలాసార్లు మెకానిక్కే. ఇంజిను దించినందుకు, మళ్లీ ఎక్కించినందుకు రెండోసారి కూలి అడగలేడు. అడక్కపోతే వారం రోజుల సంపాదన పోతుంది. దాంతోపాటు ఇరవయ్యేళ్లు కష్టపడి తెచ్చుకున్న మంచిపేరూ పోతుంది. సామాను చేసినవాడి పేరు ఎవరికీ తెలీదు. బిగించినవాడి పేరు మాత్రం ఊరంతా తెలుసు!

గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవడం ఇదే. మొదట్లోనే కాస్త పద్ధతి పాటిస్తే ఈ గొడవే ఉండదు. సామాను వచ్చిన రోజు ఓనరు, మెకానిక్ ఇద్దరూ కూర్చుని పెట్టెలు విప్పాలి. కొలతలు ఓ నోటుపుస్తకంలో రాసుకోవాలి. పెట్టెలూ వాటి మీది బ్యాచి నంబర్లూ దాచాలి. సెల్‌ఫోనుతో ఫొటో తీస్తే ఇంకా మంచిది. లేత్ షాపులో బోరింగ్ అయ్యాక కొలత చీటీ అడిగి తీసుకోవాలి. సామాను లోపం వల్ల రెండోసారి ఇంజిను విప్పాల్సివస్తే కూలి ఎవరు భరించాలో ముందే మాట్లాడుకోవాలి. మొహమాటపడాల్సిన విషయం కాదిది. ముందు మాట్లాడుకుంటే స్నేహం నిలుస్తుంది, తర్వాత మాట్లాడుకుంటే తగువవుతుంది.

బిల్లు మాత్రం తప్పనిసరి. 2020 జులైలో అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం-2019 లోపమున్న వస్తువు వల్ల జరిగిన నష్టానికి తయారుచేసినవాళ్లనే కాదు, కొన్ని సందర్భాల్లో అమ్మినవాళ్లనీ బాధ్యుల్ని చేస్తుంది. జిల్లా కమిషన్‌కి వెళ్లే ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి సలహా తీసుకోవచ్చు. ఒక కంపెనీ పేరును దొంగతనంగా వాడుకుని సరుకు అమ్మడం ట్రేడ్ మార్కుల చట్టం-1999 కింద నేరం. ఆర్నెల్ల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. అయితే బిల్లు, పెట్టె, కొలతల పుస్తకం లేకుండా ఏ చట్టమూ మనకోసం మాట్లాడలేదు.

నలుగురూ కలిస్తే...

ఇంగ్లండులో పాతకార్లవాళ్లు ఈ సమస్యకి ఓ దారి వెతుక్కున్నారు. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ ఎంజీబీ కారు పాత అచ్చుల్ని వెతికి తీసి, 1988లో ఆ కారు బాడీని మళ్లీ కొత్తగా తయారుచేయడం మొదలుపెట్టింది. అసలు అచ్చు దొరికితే నమూనాకి నమూనా తీసే బాధ ఉండదు. ఇక కొన్ని సంఘాలు సభ్యులందరి అవసరం కలిపి, సరైన డ్రాయింగు, సరైన లోహం చెప్పి, ఒకేసారి సామాను చేయించుకుంటాయి.

మనవాళ్లూ ఇలా చేయలేరా? ఒక్క కారుకి ఎనిమిది ట్యాపెట్లు చేయమంటే ఏ వర్క్‌షాపూ ఒప్పుకోదు. యాభై కార్లవాళ్లు కలిసి నాలుగు వందలు చేయమంటే ఒప్పుకుంటుంది. విశాఖ చుట్టుపక్కల లోహాల గురించి తెలిసినవాళ్లకి కొదవ లేదు. చెక్కే యంత్రాలున్నాయి, గట్టిపరిచే కొలుములున్నాయి, పరీక్షించే లేబులున్నాయి. కొలవడం ఎలాగో తెలిసి, రిటైరై ఇంట్లో కూర్చున్న చేతులూ ఉన్నాయి. కావాల్సిందల్లా నలుగుర్ని కలిపేవాళ్లు.

స్టార్టయ్యాక కూడా...

ఇల్లు అలకగానే పండగ కాదు. ఇంజిను స్టార్టవగానే పని అయిపోయినట్టూ కాదు. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గులు తీసేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా సెల్ఫ్‌తో ఆగి ఆగి తిప్పాలి. కొత్త క్యామ్, కొత్త ట్యాపెట్లు వేసి ఉంటే స్టార్టయ్యాక ఐడ్లింగ్‌లో వదలకూడదు. నిమిషానికి రెండు వేల చుట్ల దగ్గర కాస్త అటూ ఇటూగా ఇరవై నిమిషాలు నడపాలి. ఆ వేగంలోనే క్యామ్ మీద నూనె సరిగ్గా చిమ్ముతుంది.

ఐదొందల కిలోమీటర్లకి నూనె మార్చండి. తీసిన నూనెని పారబోయకుండా పాత తెల్ల పంచె గుడ్డలో వడకట్టి ఎండలో చూడండి. నల్లటి మసి ఉంటే ఫరవాలేదు. వెండి రంగు మెరుపులు ఎక్కువగా కనబడితే ఎక్కడో ఏదో అరుగుతోందని అర్థం. ట్యాపెట్ల ఖాళీలు మళ్లీ కొలిచి, మొదట రాసుకున్న అంకెలతో పోల్చండి. ఏడూ బాగుండి ఒక్కదాని ఖాళీ మాత్రం పెరిగిందా? ఆ ఒక్కటే మెత్తది. అప్పుడు పట్టుకుంటే ఒక్క పూట పని. వదిలేస్తే మళ్లీ ఇంజిను దించడమే.

ఇదంతా చదివాక 'ఇంత తతంగమా' అనిపించొచ్చు. సామాను మొత్తం కొలవడానికి పట్టేది ఇద్దరికి ఓ ఆదివారం. ఇంజిను రెండోసారి దించడానికి పట్టేది నెల. ఈలోపు పెళ్లి ముహూర్తం ఎవరికోసమూ ఆగదు!